సముద్రం లేని జిల్లా

వికారాబాద్ జిల్లాకు సముద్రం లేదు. అయినా జలాంతర్గాములతో మాట్లాడేందుకు నౌకాదళం వచ్చి, 2024 అక్టోబరులో దామగుండం అడవిలో రేడియో ప్రసార కేంద్రానికి శంకుస్థాపన చేయించింది. మూసీ పుట్టే చోట చెట్లు కొట్టొద్దని అరిచినవాళ్ల మాట ఎవరికి పట్టింది? హైదరాబాద్ వాళ్లకేమో అనంతగిరి కొండలు, కోట్‌పల్లి నీళ్లలో పడవలు చాలు. ఆదివారం వస్తారు, ఫొటోలు దిగుతారు, పోతూ పోతూ ఫామ్‌హౌస్ ప్లాటు ధర అడుగుతారు. నాకూ ఇక్కడే ఉండిపోవాలనిపిస్తుంది, కాదనను. పట్నానికి రైలుంది, గాలి బాగుంది. ఆ గాలిని నమ్మే ఒకప్పుడు అనంతగిరిలో క్షయరోగుల ఆసుపత్రి కట్టారు. కానీ అదే జిల్లాలో, తాండూరులో నాపరాయి కోసి పాలిష్ పట్టే కార్మికుడు పీల్చేది రాతి పొడి. ఆ ఊరి కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది, మంచిదే. ఆ పేరు సంచి మీద మెరిస్తే చాలదు, రైతు చేతికొచ్చే ధరలో కనబడాలి. చూసిపోయేవాళ్లకు ఈ జిల్లా ఇప్పటికే అందంగా ఉంది. సర్కారు రిసార్టులకు దారులు వేసేముందు, పాలిషింగ్ యూనిట్లలో దుమ్ము అణిచే ఏర్పాట్లు చేయించాలి.