కొండపల్లి దుర్గమును, పొణికిచెట్టును

విజయవాడకు వాయవ్యమున నున్న కొండపల్లి కొండ పేరెఱుగని ఆంధ్రుడుండడు. వానకాలమున నది నఖశిఖపర్యంతము పచ్చనై, మబ్బులను తలకెత్తుకొని కనులపండువు చేయును. 14వ శతాబ్దమున రెడ్డిరాజుల కాలమున దానిపై దుర్గము వెలసెను. పిదప నది గజపతుల వశమయ్యెను. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీటిని జయించిన యనంతరము దీనిని ముట్టడించి గైకొనెను. తరువాత గోలకొండ సుల్తానులును, మొగలులును, నిజాములును నేలిరి. 1766లో నింగ్లీషువారు పట్టుకొనిరి. ఇందఱు ప్రభువులు వచ్చిరి, పోయిరి. వారి మహలుల గోడలు మాత్రము మిగిలినవి.

అయినను ఈ కొండ కీర్తిని మన యిండ్లకు దెచ్చినవారు రాజులు గారు, కొండ దిగువనున్న బొమ్మల పనివారు. అంబారీ యేనుగు, దశావతారములు, కల్లుగీత కార్మికుడు, ఎడ్లబండి లేనిదే మన సంక్రాంతి కొలువు నిండదు. ఆ బొమ్మకు ప్రాణము ఈ కొండయడవులలో పెరుగు తెల్లపొణికి కఱ్ఱ. అది మిక్కిలి తేలిక, ఉలికి మెత్తన. దానిని ఎండబెట్టి, అంగములను వేఱువేఱుగ చెక్కి, చింతగింజల పిండితోను రంపపు పొట్టుతోను అతికి రంగులు వేయుదురు.

కోటకు మరమ్మతులు జరిగినవి. బొమ్మలకు భౌగోళిక గుర్తింపును లభించినది. సంతోషమే. కాని గుర్తింపు పేరును కాపాడునే గాని చెట్టును కాపాడజాలదు. వేఱొక కఱ్ఱతో చేయరాదా యని కొంద ఱందురు. బరువైన కఱ్ఱతో చేసినది బొమ్మయే కావచ్చును, కొండపల్లి బొమ్మ కానేరదు. కూలిన గోడను డబ్బుతో మరల గట్టవచ్చును. నఱికిన చెట్టు చేవకు వచ్చుటకు ఏండ్లు పట్టును. కావున కొట్టిన ప్రతి చెట్టునకు బదులు మొక్కలు నాటి పెంచుట దుర్గరక్షణ వంటి విధియే యని మా యభిప్రాయము.

ఈ భారమును ప్రభుత్వముపైననే మోపి యూరకుండుట తగదు.   ఈ ప్రాంతపు భూస్వాములు మెట్టచేల గట్లపై పదేసి మొక్కలను పెంచలేరా? పట్టణవాసులు బేరమాడక బొమ్మను కొని పనివాని యిల్లు నిలుపలేరా? పూర్వుల శౌర్యమును పొగడుట సులభము. వారు విడిచిన కొండను పచ్చగా మన బిడ్డల కప్పగించుటయే నిజమైన దేశాభిమానము.