రైల్వే కాలనీకి ఒక వెబ్‌సైట్ కావాలి

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో రాఘవేంద్రరావు సభా భవన్ తెలియని వాళ్లుండరు. తెలుగు కుటుంబంలో పుట్టి, ఈ ఊళ్లో బారిస్టరుగా, మునిసిపాలిటీ పెద్దగా పేరు తెచ్చుకుని, 1936లో సెంట్రల్ ప్రావిన్సెస్‌కు తాత్కాలిక గవర్నరుగా పనిచేసిన ఇ. రాఘవేంద్రరావు పేరు మీద ఉన్న భవనం అది. 2019 అక్టోబరులో ఆ ఆవరణలోనే హవాయీ సువిధా జన సంఘర్ష్ సమితి ధర్నాకు కూర్చుంది. హైకోర్టు ఉంది, రైల్వే జోన్ ఉంది, విమానం మాత్రం లేదేమని అడిగింది. 2021 మార్చి 1న చకర్‌భాటా విమానాశ్రయం నుంచి జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్ మీదుగా ఢిల్లీకి సర్వీసులు మొదలయ్యాయి. సమితి అంతటితో ఆగలేదు. రాత్రిపూట కూడా విమానాలు దిగే ఏర్పాటు కావాలని, రన్‌వే పొడిగించాలని ధర్నా కొనసాగించింది.

పట్టుబడితే వదలని గుణం ఈ ఊరికి కొత్త కాదు. రైల్వే జోన్ కూడా అడిగితే వచ్చింది కాదు, పోరాడితే వచ్చింది. 1996 జనవరిలో ఆ ఆందోళన రైల్వే స్టేషన్ తగలబడేదాకా వెళ్లింది. 1998 సెప్టెంబరు 20న ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రారంభోత్సవం జరిగింది. దాన్ని జాతికి అంకితం చేసేసరికి 2003 ఏప్రిల్ 5 వచ్చింది. వీధి పోరాటానికీ జోన్ చేతికి రావడానికీ మధ్య ఏడేళ్లు గడిచాయి.

ఏడేళ్లంటే చిన్న వ్యవధి కాదు. ఆ లోపల డివిజనల్ రైల్వే మేనేజర్లు మారతారు, ఎంపీలు మారతారు, ఉద్యమంలో ముందు నడిచిన కుర్రాళ్లు ఉద్యోగాలు వచ్చి వెళ్లిపోతారు. ఆఫీసు దగ్గర ఫైలుంటుంది. ఎవరు ఎప్పుడు ఏమడిగారు, ఏ అధికారి ఏమని రాసిచ్చాడు అన్నదంతా నంబరు వేసి, తేదీ వేసి బీరువాలో భద్రంగా ఉంటుంది. రైల్వే కాలనీ లాంటి పేట దగ్గర ఏముంటుంది? ఒక పెద్దాయన ట్రంకుపెట్టెలో పేపరు కటింగులు, ఇంకొకరి దగ్గర వినతిపత్రం నకలు, మిగతాదంతా నోటిమాట. ఆయన రిటైరై క్వార్టర్ ఖాళీ చేసిన రోజున ఆ పెట్టె కూడా లారీ ఎక్కి వెళ్లిపోతుంది. అధికారితో మాట్లాడేటప్పుడు జనం ప్రతిసారీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాల్సి రావడానికి కారణం ఇదే. పేటకు సొంత వెబ్‌సైట్ ఉండాలని అడగడం ఈ లోటు తీర్చడానికే.

వాట్సాప్ గ్రూపులున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, అవి చేసే మేలు కూడా ఉంది. అర్ధరాత్రి రక్తం కావాలంటే, పిల్లవాడు తప్పిపోతే, నీళ్లు రాకపోతే క్షణాల్లో వార్త చేరుతుంది. కానీ గుడ్ మార్నింగ్ బొమ్మలు, పెళ్లి శుభాకాంక్షలు, ఎన్నికల వీడియోల కింద ఆ నీళ్ల సంగతి సాయంత్రానికల్లా అడుగున పడిపోతుంది. ఆరు నెలల తర్వాత కొత్త ఇంజినీరు వచ్చి ‘ఈ సమస్య నా దృష్టికి రాలేదే’ అంటే చూపించడానికి ఏమీ మిగలదు. గ్రూపులో లేనివాళ్లకు అదీ కనిపించదు. పత్రికా విలేకరికి, కార్పొరేటరుకు, పక్క వీధి మనిషికి తలుపు మూసే ఉంటుంది.

ఛత్తీస్‌గఢ్‌కు ఈ విషయంలో ఎక్కడినుంచో పాఠాలు తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. 2010లో ఇక్కడే సీజీనెట్ స్వర పుట్టింది. బీబీసీలో పనిచేసి వచ్చిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి దాన్ని మొదలుపెట్టారు. అడవి పల్లెల్లో అప్పటికి ఇంటర్నెట్ లేదు, చదువు తక్కువ, గోండి మాట్లాడేవాళ్లకు తమ భాషలో పత్రిక లేదు. ఉన్నదల్లా మామూలు బటన్ల ఫోను. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ వచ్చేది. ఒకటి నొక్కి తమ మాట రికార్డు చేసేవారు, రెండు నొక్కి ఇతరుల మాటలు వినేవారు. చేతిపంపు చెడిందని, ఉపాధి హామీ కూలి అందలేదని, బడికి పంతులు రావడం లేదని జనం చెప్పుకున్నారు. ఆ మాటలను సరిచూసి వెబ్‌సైట్‌లో కూడా పెట్టేవారు. సమస్య చెప్పిన మనిషి సంబంధిత అధికారి ఫోన్ నంబరు కూడా చెప్పి, వింటున్న వాళ్లను ఆయనకు ఫోన్ చేసి అడగమనేవాడు. ఎక్కడో నగరంలో కూర్చున్న అపరిచితుడు బస్తర్ పల్లె చేతిపంపు గురించి ఫోన్ చేసి అడిగితే ఆ అధికారికి విషయం తేలిగ్గా తీసుకోవడం కష్టమయ్యేది. పని జరిగాక అదే మనిషి మళ్లీ ఫోన్ చేసి ‘పంపు బాగుపడింది, అడిగిన వాళ్లందరికీ దండాలు’ అని రికార్డు చేసేవాడు. 2014లో ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ సంస్థ డిజిటల్ రంగంలో ఇచ్చే అవార్డు చౌదరికి వచ్చింది. ఆ ఏడాది పోటీలో ఎడ్వర్డ్ స్నోడెన్ పేరు కూడా ఉంది.

పని జరిగాక చేసే ఆ చివరి ఫోన్ కాల్ చాలా విలువైనది. ఫిర్యాదు చేయడం అందరూ చేస్తారు. పని జరిగిందని కూడా అంతే బహిరంగంగా చెప్పడం వల్ల రెండు లాభాలు. పనిచేసిన అధికారికి గౌరవం దక్కుతుంది, వింటున్న పక్క ఊరికి అడిగితే జరుగుతుందన్న ధైర్యం వస్తుంది.

బయటి అనుభవాలూ ఇదే చెబుతాయి. కెనడాలో టొరంటో శివారున 1990ల చివర్లో కట్టిన ఒక కాలనీని పరిశోధకులు నెట్‌విల్ అని పిలిచారు. 109 ఇళ్లలో 64 ఇళ్లకు వేగవంతమైన ఇంటర్నెట్, ఇరుగుపొరుగు ఈమెయిల్ ఏర్పాటు ఉన్నాయి, మిగతా ఇళ్లకు లేవు. ఆ సౌకర్యం ఉన్నవాళ్లు లేనివాళ్ల కంటే మూడు రెట్లు ఎక్కువ మంది పొరుగువాళ్లను గుర్తుపట్టగలిగారని కీత్ హాంప్టన్, బారీ వెల్‌మన్ తేల్చారు. ఇళ్ల నిర్మాణంలో లోపాలు బయటపడినప్పుడు బిల్డరు మీద వాళ్లు చకచకా ఏకమయ్యారు. లండన్‌లో హారింగే ఆన్‌లైన్ 2007 నుంచి ఒక్క పేట కోసమే నడుస్తోంది. అదే ఏడాది బ్రిటన్‌లో వచ్చిన ఫిక్స్‌మైస్ట్రీట్‌లో గుంతను మ్యాపు మీద గుర్తిస్తే ఫిర్యాదు సంబంధిత కౌన్సిల్‌కు వెళ్తుంది, అందరికీ కనిపిస్తుంది కూడా. మన పురపాలక యాప్‌లు చాలావాటిలో ఫిర్యాదు చేసినవాడికి నంబరు దక్కుతుంది, పక్కింటివాడికి ఏమీ తెలియదు. ఒకే మురుగుకాలువ మీద పదిమంది విడివిడిగా ఫిర్యాదు చేసి, ఎవరికి వారు తాము ఒంటరివాళ్లమనుకోవడం అందుకే.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పరిస్థితి మరికొంత చిక్కు. కాలనీ లోపల రోడ్డు, కాలువ, దీపం, నల్లా అన్నీ రైల్వేవి. గోడ దాటి తార్‌బాహర్‌కో తోర్వాకో వెళితే నగర్ నిగమ్‌వి, అంటే నగరపాలక సంస్థవి. వానాకాలంలో నీళ్లకు ఈ హద్దు తెలియదు. కాలనీవాళ్లు ఇప్పటికీ ఐఓడబ్ల్యూ (ఇన్‌స్పెక్టర్ ఆఫ్ వర్క్స్) ఆఫీసనే పిలుచుకునే చోటికి వెళితే ఇది నిగమ్ పని అంటారు, నిగమ్‌కు వెళితే రైల్వే స్థలం అంటారు. రైల్ మదద్, 139 నంబరు ఉన్నాయి కానీ అవి ప్రయాణికుల కోసం. ఒక కాలువ ఫోటో, తేదీ, రెండు ఆఫీసుల్లో ఇచ్చిన ఫిర్యాదు నంబర్లు, వచ్చిన రెండు జవాబులు ఒకే పేజీలో పక్కపక్కన పెడితే తప్పించుకునే దారి మూసుకుపోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. సర్వీసులో ఉన్న ఉద్యోగులను 1966 నాటి రైల్వే ప్రవర్తన నియమావళి కట్టివేస్తుంది. ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడం వాళ్లకు కుదరదు. అందువల్ల ఈ పని భుజాన వేసుకోవాల్సింది పెన్షనర్లు, ఇంటి ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు. నిజానికి నల్లా ఎప్పుడు వస్తుందో, కప్పు ఎక్కడ కారుతుందో బాగా తెలిసినవాళ్లు కూడా వాళ్లే. ఉద్యోగుల క్వార్టర్ల సంగతి యూనియన్లు అధికారులతో జరిపే చర్చల్లో వస్తుంది, కాలనీ కమిటీలూ ఉన్నాయి. వాటి తీర్మానాలు వీధికి చేరడం లేదు. వాటిని తెచ్చి పెట్టడమే సగం పని.

రైళ్ల సంగతి తీసుకుందాం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి వచ్చి ఈ లైను పొడవునా స్థిరపడ్డ కుటుంబాలకు కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ అంటే పుట్టింటి దారి. 2022 వేసవిలో బొగ్గు రవాణాకు దారి ఇవ్వడం కోసం ఈ జోన్‌లో ప్రయాణికుల రైళ్లను పెద్దఎత్తున రద్దు చేసినప్పుడు రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. 2024 సెప్టెంబరులో విశాఖకు వందేభారత్ వచ్చింది కానీ అది దుర్గ్ నుంచి రాయ్‌పూర్ మీదుగా వెళ్తుంది, బిలాస్‌పూర్‌కు రాదు. కోపం ఉంది, సబబైన కోపమే. దానికి లెక్క తోడు కావాలి. ఏ రైలు ఏడాదిలో ఎన్నిసార్లు రద్దయింది, ఎన్ని గంటలు ఆలస్యమైంది అని నలుగురు కుర్రాళ్లు రోజూ ఒక పట్టికలో రాస్తూ పోతే చాలు. డివిజన్ రైలు వినియోగదారుల సలహా సంఘంలో కూర్చున్న సభ్యుడు ఆ కాగితం ముందు పెడితే మామూలు జవాబులు చెల్లవు. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో, ముప్పై రోజుల గడువులో వచ్చే జవాబు ఒకరి చేతిలో ఉంటే ఒక కాగితమే. పేజీలో ఉంటే ఊరందరిదీ అవుతుంది.

డబ్బు పెద్ద అడ్డంకి కాదు. ఒక డాట్ ఇన్ పేరుకు ఏడాదికి వెయ్యి రూపాయలు కూడా కాదు. సోలాపురి మాత పూజకు చందాలు వేసుకునే ఇక్కడి ఆంధ్ర సమాజానికి ఇది లెక్కలోకి రాని ఖర్చు. కష్టమంతా నడపడంలో ఉంది. ఉత్సాహంతో మొదలై మూడో నెలకు ఆగిపోయిన వెబ్‌సైట్ అసలు లేనిదానికంటే చెడ్డది, ఎందుకంటే అవతలి వాళ్లు దాన్ని చూపించి ‘వీళ్ల పట్టుదల ఇంతే’ అంటారు. కనీసం ముగ్గురు వంతులవారీగా చూడాలి. ఫిర్యాదు నిజమో కాదో వెళ్లి చూసి రావాలి. చిన్న ఉద్యోగి పేరెత్తి నిందించడం, ఇంటి నంబర్లూ ఫోన్ నంబర్లూ బయటపెట్టడం, కులం పేరుతో తిట్లు, పార్టీ ప్రచారం — ఇవి మొదటిరోజు నుంచే వద్దని రాసిపెట్టుకోవాలి. ఆంధ్రులది మాత్రమే అన్న ముద్ర కూడా పడకూడదు. కాలనీలో బెంగాలీలున్నారు, ఒడియావాళ్లున్నారు, ఛత్తీస్‌గఢీ కుటుంబాలున్నాయి. కాలువ అందరిదీ. హిందీలో ప్రధానంగా నడిచి, పక్కన తెలుగు ఉండాలి. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు, వాళ్ల అమ్మమ్మలకు టైపింగ్ రాదు. స్వర చూపించిన దారి ఇక్కడా పనికొస్తుంది. మాటను రికార్డు చేసి పెట్టవచ్చు.

బిలాస్‌పూర్ స్టేషన్ పునర్నిర్మాణానికి 2023 ఆగస్టు 6న శంకుస్థాపన జరిగింది. స్టేషన్ చుట్టుపక్కల రోడ్లు, దుకాణాలు, పాత క్వార్టర్లు వచ్చే కొన్నేళ్లలో ఎలా మారతాయన్నది కాలనీ బతుకును తేల్చే విషయం. ప్లాను ఏమిటి, ఎవరికి ఎక్కడ చోటిస్తారు, బుధ్వారీ బజార్ వ్యాపారుల సంగతేమిటి అని అడగాల్సిన సమయం ఇదే, ప్రతి జవాబూ తేదీతో సహా భద్రపరచాల్సిన సమయమూ ఇదే.

ఆంధ్ర సమాజం పెద్దలు ఒక్క వీధితో, ఒక్క కాలువతో, ఒక్క రైలుతో మొదలుపెట్టండి. రిటైరై విశాఖలోనో విజయనగరంలోనో స్థిరపడ్డ బిలాస్‌పూర్ వాళ్లు ఇళ్లలో ఉన్న వినతిపత్రాల నకళ్లు, జోన్ ఉద్యమం నాటి ఫోటోలు, పేపరు కటింగులు వెతికి తీసి ఫోనుతో స్కాన్ చేసి పంపండి. ఆ పేజీలో ముందుగా చేరాల్సినవి అవే.