చంద్రుణ్ణి ఆర్పబోయిన ఊళ్లో పిల్లలతో నాలుగు రోజులు

"అంత దూరం పోయి పారిస్ చూడకుండా వచ్చారా?"

తిరిగొచ్చినప్పట్నుంచి ఈ మాట వినని రోజు లేదు. తెనాలి నుంచి పెదనాన్న ఫోన్ చేసి అడిగారు. సింధనూరు దగ్గర క్యాంపులో ఉన్న అత్తయ్య అడిగింది. బెంగళూరులో పక్కింటివాళ్లు కూడా అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాం. చూడలేదండీ, కావాలనే చూడలేదు. బెల్జియంలో మెఖెలెన్ అనే చిన్న ఊళ్లో నాలుగు రోజులు ఉండి వచ్చేశాం. పిల్లల్ని తీసుకుని వెళ్లే మన వాళ్లెవరైనా ఇలాగే చేస్తే మంచిదని మా అభిప్రాయం. ఎందుకో చెప్తాం, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందే ఒక మాట. మేమిద్దరం చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో తాతయ్య పక్కన కూచుని నేర్చుకున్నవే. రాతలో అక్కడక్కడ కన్నడ వాసన వస్తే సర్దుకోండి. నిజానికి ఈ నాలుగు ముక్కలూ ఆ వాసన గురించే.

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. ఆఫీసు పని మీద కొన్నాళ్లు బ్రస్సెల్స్‌లో ఉండాల్సి వచ్చింది. పిల్లలకు వేసవి సెలవులు కాబట్టి అందరం కలిసే వెళ్లాం. పని అయ్యాక నాలుగు రోజులు మిగిలాయి. ఆ నాలుగు రోజుల్లో పారిస్, ఆమ్‌స్టర్‌డామ్, బ్రూజ్, కొలోన్ అన్నీ చుట్టి రమ్మని తలా ఒక లిస్టు ఇచ్చారు. మా పెద్దమ్మాయికి పదేళ్లు, చిన్నోడికి ఏడు. రోజుకో ఊరు, రోజుకో లాడ్జి, పొద్దున్నే పెట్టె సర్దుకోవడం. పిల్లలకి ఏం మిగులుతుంది చెప్పండి? టెస్టింగ్‌లో మేము మొదట నేర్చుకున్నది ఒకటుంది. వంద స్క్రీన్లు తెరిచి మూస్తే పరీక్షించినట్టు కాదు. ఒక్క స్క్రీన్‌నే పట్టుకుని అన్ని వైపుల నుంచీ నొక్కి చూస్తే లోపలున్నది బయటపడుతుంది. ఊరు చూడడం కూడా అంతే అనుకున్నాం.

మెఖెలెన్ బ్రస్సెల్స్‌కి, ఆంట్‌వెర్ప్‌కి మధ్యలో ఉంది. బ్రస్సెల్స్ నుంచి రైల్లో అరగంట కూడా పట్టదు. చిన్నోడికి రైలంటే ప్రాణం. బెల్జియంలో మొదటి రైలు 1835 మే 5న నడిచింది ఈ రెండు ఊళ్ల మధ్యనే అని చెప్తే వాడు కిటికీ వదల్లేదు. మన దేశంలో బొంబాయి–ఠాణా రైలు 1853లో నడిచింది, అంటే దానికి పద్దెనిమిదేళ్ల ముందన్నమాట.

పెద్దమ్మాయి పట్టుకున్నది వేరే సంగతి. బ్రస్సెల్స్ స్టేషన్లో ప్రతిదీ రెండు భాషల్లో చెప్పారు. రైలు ఊరు దాటాక ఒక భాషే మిగిలింది. "ఇంకో భాష ఏమయ్యింది?" అని అడిగింది. ఆ దేశంలో ఉత్తరాన డచ్, దక్షిణాన ఫ్రెంచ్, తూర్పు కొసన కొంచెం జర్మన్ మాట్లాడతారు. 1962–63లో చట్టం చేసి భాషల మధ్య గీత గీశారు. బ్రస్సెల్స్‌లో డచ్, ఫ్రెంచ్ రెండూ నడుస్తాయి. గీతకి ఇటుపక్క బోర్డు మీద మెఖెలెన్ అని ఉన్న ఊరికే ఫ్రెంచ్‌లో మలీన్ అని పేరు. ఇదంతా చెప్తే, "మన బెళగావి గొడవ లాగానా?" అంది. లాగానే అన్నాం. కర్ణాటకలో పెరిగే పిల్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఊరు చిన్నది. జనం లక్షకి లోపే. నడిచి అలసిపోయేలోగా మళ్లీ మొదలుపెట్టిన చోటికే వస్తాం. పిల్లలతో ఇదే పెద్ద సుఖం. రెండో రోజుకల్లా చిన్నోడు మమ్మల్ని దారి చూపించి తీసుకెళ్లాడు. శనివారం పొద్దున పెద్ద చౌకులో సంత జరుగుతుంది, కూరగాయలు, చేపలు, పూలు, అన్నీ. దీలె అని చిన్న నది ఊరి మధ్యలో పారుతుంది. దాని నీళ్ల మీదే చెక్కలతో నడిచే దారి వేశారు. ఒడ్డున మూడు పాత ఇళ్లు పక్కపక్కనే ఉంటాయి. అందులో ఒకదాని ముంగిట దయ్యాల బొమ్మలు చెక్కి ఉంటాయి. మా వాడు ప్రతిరోజూ వాటికి టాటా చెప్పి వచ్చాడు. బొమ్మల మ్యూజియం కూడా ఒకటుంది, అక్కడ ఒక పూట ఇట్టే గడిచిపోతుంది. వెళ్లేవాళ్లకి రెండు జాగ్రత్తలు. దారులు రాళ్లు పరిచినవి, చంటిపిల్లల తోపుడు బండి చాలా ఇబ్బంది పెడుతుంది. ఆదివారం షాపులు ఎక్కువగా మూసే ఉంటాయి కాబట్టి పాలు, పెరుగు శనివారమే కొనిపెట్టుకోండి.

ఆ ఊరికంతా గుర్తు సెయింట్ రంబోల్డ్ చర్చి గోపురం. 1452లో కట్టడం మొదలుపెట్టారు. 167 మీటర్లు కట్టాలనుకుని 97 మీటర్ల దగ్గర ఆగిపోయారు. పైన మొన లేదు, కత్తితో కోసినట్టు చదునుగా ఉంటుంది. 538 మెట్లు. చిన్నోడు ఎక్కలేడేమో అని భయపడ్డాం గానీ మధ్యమధ్యలో గదులున్నాయి, ఆగి ఆగి ఎక్కాం. ఒక గదిలో మనుషులు లోపల నడిచి తిప్పే పెద్ద చెక్క చక్రం ఉంది. బరువులు పైకి లాగడానికి అదే వాళ్ల క్రేను. పైన 49 గంటల వరసలు రెండున్నాయి. చెక్క కడ్డీల్ని పిడికిళ్లతో కొట్టి ఆ గంటల మీద సంగీతం వాయిస్తారు. ఆ విద్య నేర్పడానికి 1922లో ఈ ఊళ్లోనే బడి పెట్టారు, ప్రపంచంలో అలాంటి బడుల్లో అదే మొదటిది. కొసన నిలబడి చూస్తే, ఆకాశం బాగుంటే, బ్రస్సెల్స్‌లోని అటోమియం కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు కథ. 1687 జనవరిలో ఒక రాత్రి, తాగినాయన ఒకడు సారాయి అంగడి నుంచి బయటికొచ్చి తలెత్తి చూశాడు. గోపురం ఎర్రగా వెలిగిపోతోంది. "మంటలు, మంటలు!" అని కేకలు పెట్టాడు. ఊరంతా లేచింది. బకెట్లు చేత్తో చేతికి అందించుకుంటూ నీళ్లు పైకి మోశారు. పైకి చేరేలోగా చంద్రుడు మబ్బు చాటుకి పోయాడు, మంటా పోయింది. వాళ్లు ఆర్పబోయింది వెన్నెలని. ఆ సంగతి చుట్టుపక్కల ఊళ్లకి పాకింది. అప్పట్నుంచి మెఖెలెన్ వాళ్లకి మానెబ్లుసర్స్ అని పేరు పడింది. చంద్రుణ్ణి ఆర్పేవాళ్లు అని అర్థం.

"అయ్యో, పరమానందయ్య శిష్యులు!" అని మా పిల్లలిద్దరూ పడి పడి నవ్వారు. తమాషా ఏంటంటే ఆ ఊరివాళ్లు ఈ పేరుని దాచుకోలేదు. మేము మానెబ్లుసర్స్ అని వాళ్లే చెప్పుకుంటారు. ఎగతాళికి పెట్టిన పేరు వాళ్ల ఇంటిపేరు అయిపోయింది. పెద్దమ్మాయి నవ్వు ఆపి, "వాళ్లకి సిగ్గు కాదా?" అని అడిగింది. కన్నడలో "నాచికె ఆగల్వా" అన్నదాన్ని మేము తెలుగులోకి పట్టుకొచ్చాం, "సిగ్గు కాదా" అని. మాకు అర్థమయ్యింది, అది ఆ ఊరి గురించి అడగలేదని.

రెండేళ్ల కింద తెనాలిలో పెళ్లికి వెళ్లాం. బంతిలో పెద్దమ్మ మళ్లీ అన్నం వడ్డించబోతే మా పిల్ల, "సాకు పెద్దమ్మా, సాకు" అంది. సాకు అంటే కన్నడలో చాలు అని. మా క్యాంపు ఇళ్లల్లో అదే మాట. పెద్దమ్మ నవ్వుతూ, "సాకులు చెప్పకుండా తినవే" అంది. బంతి బంతంతా నవ్వింది. ప్రేమగానే నవ్వారు, మేమూ నవ్వాం. అక్కడ్నుంచి పొద్దుపోయేదాకా "ఏం సాకులమ్మా" అని పిలుస్తూనే ఉన్నారు. ఆ రోజు నుంచి ఆ పిల్ల ఆంధ్రా చుట్టాలతో ఇంగ్లీషులో తప్ప మాట్లాడదు.

మాకు ఇది కొత్త కాదు. తుంగభద్ర కాలువ కింద భూములు కొనుక్కుని తాతయ్య వాళ్లు వచ్చారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి మేము ఇప్పటికీ క్యాంపోళ్లం. తెనాలి వెళ్తే కన్నడోళ్లం. రెండు పక్కలా రెండు పేర్లు, రెండూ మేము పెట్టుకున్నవి కావు. మేము చేసిన తప్పు ఏంటంటే, ఆ పేర్లు పడకుండా పిల్లల మాట దిద్దుతూ వచ్చాం. జాస్తి అనకు, ఎక్కువ అను. సాకు అనకు, చాలు అను. దిద్ది దిద్ది చివరికి ఆ పిల్ల నోరే కట్టేశాం.

ఎవరు ఏ పేరు పెట్టినా నవ్వుకుని ఊరుకోవాలని మేము అనడం లేదు. అదే మెఖెలెన్‌లో డోసిన్ అని సైనికుల బ్యారక్స్ ఉంది. 1942 నుంచి 1944 వరకు నాజీలు 25,000 మందికి పైగా యూదుల్ని, రోమా ప్రజల్ని అక్కడ పోగుచేసి రైళ్లలో పంపేశారు, ఎక్కువమందిని ఆష్విట్జ్‌కి. చాలా కొద్దిమందే తిరిగొచ్చారు. ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది. చిన్నోణ్ణి లోపలికి తీసుకెళ్లలేదు. పెద్దదానికి బయట నిలబడి చెప్పాం. మనుషులకి పేర్లు తగిలించి వేరుచేస్తే అది ఎక్కడిదాకా పోగలదో కూడా తెలియాలి కదా. నిన్న మురిసిపోయిన రైలు దారులే ఆ పనికి కూడా వాడారని తెలిసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెద్దమ్మ నవ్వింది అలాంటిది కాదు" అని తనే అంది. ఎగతాళికీ, కసికీ తేడా ఆ పిల్ల ఒక్క ఊళ్లోనే చూసింది. నాలుగు ఊళ్లు పరుగెత్తి ఉంటే ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టుకునే టైమే ఉండేది కాదు.

అందుకే మా అభిప్రాయం ఇది. పిల్లలతో విదేశం వెళ్తే చిన్న ఊరొకటి ఎంచుకుని అక్కడే కూచోండి. పేరున్న గోపురం ముందు ఫోటో తర్వాతైనా దిగొచ్చు. బయట రాష్ట్రాల్లో ఉన్న మన తెలుగు ఇళ్లవాళ్లకి ఇంకో మాట. మన తెలుగులో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో కలిసి ఉంటుంది. మూడు తరాలు ఒక మట్టిలో బతికితే మాటకి ఆ మట్టి అంటుకుంటుంది. దాన్ని కడిగేసి పిల్లలకి ఇద్దామని చూస్తే వాళ్లకి ఏ తెలుగూ మిగలదు. అంటుకున్నదాంతోనే ఇద్దాం. చాలు అనే మాట కూడా నేర్పుదాం. కానీ సాకు అన్నందుకు దిద్దొద్దు.

వచ్చిన వారం క్యాంపుకి వెళ్లాం. నానమ్మ రెండోసారి పప్పు వేయబోతే పెద్దమ్మాయి చెయ్యి అడ్డంపెట్టి, "సాకు నానమ్మా" అంది, గట్టిగానే. నానమ్మకి ఇందులో నవ్వడానికి ఏమీ కనబడలేదు, గరిట వెనక్కి తీసుకుంది.

మాఘంలో తెనాలిలో మళ్లీ పెళ్లి ఉంది. పెద్దమ్మా, మీరు ఇది చదువుతారని తెలుసు. మా పిల్ల సాకు అంటే కడుపు నిండిందని అర్థం. ఇంక వడ్డించకండి.