డోర్నకల్ స్తంభాలు అడుగుతున్నాయి

క్రైస్తవం పరాయి మతమని వాదించేవారు ఒక్కసారి డోర్నకల్ వెళ్లి రావాలి. నిజాం రాజ్యంలో 1939లో ప్రతిష్ఠితమైన అక్కడి ఎపిఫనీ కథీడ్రల్‌కు గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, మసీదును గుర్తుచేసే గుమ్మటాలు. ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్ అజరయ్య సంకల్పమది. ఆ సంఘంలో అత్యధికులు మాల మాదిగలు. ఊరి గుడి గడప తొక్కనివ్వక మనం వెలివేసినవారు. వారి మనుమలకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నేటికీ షెడ్యూల్డు కులాల హోదాను నిరాకరిస్తోంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తెరచిన తలుపు వీరికి మూసే ఉంది. మతం మారితే కులం పోతుందట! మరి పల్లెలో పాత చర్చి తరచుగా దళితవాడలోనే ఎందుకుంది? రాతిలో దేశీయతను మెచ్చుకుంటూ మనుషుల్లో దాన్ని శంకించడం ఏ న్యాయం? ఆ ఉత్తర్వులోని మూడో పేరాను పార్లమెంటు రద్దు చేయాలి.