ప్రెషరు పెంచితే స్పీడు పెరగదు!

జేసీబీ అంటే ఏమిటో పలకా బలపం పట్టని పిల్లాడు కూడా చెబుతాడు. చెరువు తవ్వాలన్నా అదే, గోడ కూల్చాలన్నా అదే. కానీ అది ఒక మనిషి పేరని ఎందరికి తెలుసు? జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్... ఆ పేరులోని పొడి అక్షరాలే జేసీబీ. 1945లో ఇంగ్లండ్‌లోని యుటాక్సెటర్ అనే చిన్న పట్నంలో ఓ గ్యారేజీ అద్దెకు తీసుకుని, యుద్ధంలో మిగిలిపోయిన ఇనుప సామానుతో ట్రాక్టరు ట్రాలీ తయారుచేశాడాయన. 1948లో ట్రాలీని హైడ్రాలిక్స్‌తో పైకి లేపాడు. ఆ మరుసటి ఏడాది ట్రాక్టరు ముందు బకెట్ బిగించి 'మేజర్ లోడర్' అని పేరు పెట్టాడు. ముందు బకెట్, వెనక తవ్వే చెయ్యి ఉన్న బండి 1953లో వచ్చింది. అంటే మనమిప్పుడు రోడ్డు మీద చూస్తున్న పసుపు యంత్రానికి తాత ఓ మామూలు ట్రాక్టరే!

ఆ తాత పద్ధతి మన పల్లెల్లో ఇంకా నడుస్తూనే ఉంది. ఎరువు దిబ్బ ఎత్తడానికి, ఇసుక కుప్ప జరపడానికి, చెరువు మట్టి పొలానికి తోలడానికి గంటల లెక్కన జేసీబీని పిలిస్తే గిట్టుబాటు కాదు. ఇంట్లో ట్రాక్టరు ఎలాగూ ఉంది. దానికే ముందు రెండు చేతులు, ఒక బకెట్ పెట్టిస్తే? విజయవాడ ఆటోనగర్ నుంచి మండల కేంద్రంలోని వెల్డింగ్ షాపు దాకా ఈ పని చేసేవాళ్లున్నారు. బిగించిన వారం రోజులూ ముచ్చటగానే ఉంటుంది. ఆ తర్వాత పేచీ మొదలవుతుంది.

''మేస్త్రీ, బకెట్ మరీ మెల్లగా లేస్తోంది. ఒక్క ట్రాలీ నింపేసరికి పొద్దు పోతోంది. కాస్త ప్రెషరు పెంచు.''

''దానికేముందన్నా, రెండు చుట్లు బిగిస్తే సరి!''

రెండు చుట్లు బిగించేది రిలీఫ్ వాల్వు స్క్రూని. లివర్ల కింద ఉండే కంట్రోల్ వాల్వుకు పక్కగా ఓ నట్టు, దాని మధ్యలో చిన్న స్క్రూ, లోపల స్ప్రింగు ఉంటాయి. ప్రెషరు కుక్కర్‌కి సేఫ్టీ వాల్వు ఎలాంటిదో హైడ్రాలిక్స్‌కి ఇది అలాంటిది. మోయలేని బరువు పడితే ఆయిల్‌ని ట్యాంకులోకి వదిలేసి మిగతా యంత్రాన్ని కాపాడుతుంది. స్క్రూ బిగించడమంటే, కుక్కర్ సేఫ్టీ వాల్వుకి అడ్డం పెట్టడమే. ఏ ఇల్లాలూ చేయని పని ఇది!

పోనీ, దానివల్ల స్పీడైనా పెరుగుతుందా? పెరగదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. బకెట్ ఎంత బరువు లేపగలదన్నది ప్రెషరు చేతిలో ఉంటే, ఎంత త్వరగా లేపుతుందన్నది పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు పంపుతోందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ రెండూ వేర్వేరు సంగతులు.

ఓ చిన్న లెక్క చూద్దాం. రెండు జాక్‌లు, ఒక్కోదాని లోపలి వ్యాసం 60 మిల్లీమీటర్లు, లోపలి రాడ్డు కదిలే దూరం అరమీటరు అనుకుందాం. రెండూ పూర్తిగా సాగాలంటే సుమారు 2.8 లీటర్ల ఆయిల్ వాటిలోకి పోవాలి. పంపు నిమిషానికి 20 లీటర్లు ఇస్తే ఎనిమిదిన్నర సెకన్లు పడుతుంది. 30 లీటర్లిస్తే ఆరు సెకన్లలోపే పని అయిపోతుంది. ఈ లెక్కలో ఎక్కడా ప్రెషరు ప్రసక్తే లేదు చూడండి.

మరి స్క్రూ బిగిస్తే పెరిగేదేమిటి? బలం. 150 బార్ దగ్గర ఆ రెండు జాక్‌లూ కలిసి సుమారు ఎనిమిదిన్నర టన్నుల బలంతో నెడతాయి. 200 బార్‌కి పెంచితే అది పదకొండు టన్నులు దాటుతుంది. కారు టైరులో ఉండేది రెండు బార్‌ల చిల్లర గాలి మాత్రమేనన్నది గుర్తుంచుకుంటే, ఈ అంకెల తీవ్రత అర్థమవుతుంది. అదనంగా వచ్చిన ఆ బలం గాల్లో కలిసిపోదు. హోసు పైపుల మీద, జాక్ సీళ్ల మీద, ఫ్రేము బిగించిన పోత ఇనుము మీద పడుతుంది. అన్నిటికంటే ముందు బలయ్యేది ముందు ఇరుసు. దుక్కి ట్రాక్టరుకి బలమంతా వెనక చక్రాల్లోనే. ముందు చక్రాలు ప్రధానంగా దారి చూపడానికే. బకెట్‌లో తడి మట్టి నింపి గతుకుల్లో నడిపితే బేరింగులు ముందుగా మొరాయిస్తాయి. వెనక బరువు కట్టకపోతే వెనక చక్రాలు తేలిపోయి బ్రేకూ పట్టదు.

నిజానికి చాలా బళ్లలో జబ్బు ఇంకోచోట ఉంటుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు చకచకా లేచి, మధ్యాహ్నం వేడెక్కాక ఈడిగిలపడితే, పంపు అరిగిందని అనుమానించాలి. వేడికి ఆయిల్ పలచబడి, అరిగిన సందుల్లోంచి వెనక్కి జారిపోతుంది. లివరు వదిలేశాక కూడా బకెట్ దానంతటదే కిందికి దిగుతుంటే, జాక్ సీళ్లో వాల్వో కారుతున్నట్లు. ఆయిల్ నురగలు కక్కుతుంటే పంపు గాలి పీలుస్తోందని గుర్తు. చాలా ట్రాక్టర్లలో గేరు బాక్సుకి, హైడ్రాలిక్స్‌కి ఒకటే ఆయిల్. కొత్తగా పెట్టిన జాక్‌లు మూడు లీటర్లు తాగేస్తే అక్కడ మట్టం పడిపోతుంది. ఇక ఊళ్లో ఉన్న ప్రతి ట్రాలీ పైపునీ తెచ్చి ఇదే ట్రాక్టరుకి తగిలిస్తే, పక్కవాళ్ల మురికి ఆయిల్ కూడా ఉచితంగా వస్తుంది. వందల రూపాయల ఫిల్టరు మారిస్తే పోయేదానికి వేలు పోసి పంపు కొన్నవాళ్లూ ఉంటారు.

ఇవన్నీ సరిచూసుకున్నా ఇంకా స్పీడు చాలదంటే, అప్పుడు మార్పు చేసుకోవచ్చు. లోడరుకి సొంత పంపు, సొంత ట్యాంకు పెట్టడమే మేలైన దారి. ఇంజన్ ముందు కప్పీ నుంచి గానీ, వెనక పీటీవో నుంచి గానీ పంపు తిప్పుతారు. పీటీవో తిరిగేది నిమిషానికి 540 చుట్లే కాబట్టి, మామూలు గేరు పంపుకి అది చాలదు. మధ్యలో వేగం పెంచే గేరు బాక్సు ఉండాలి. పంపుకి తగ్గ లావు పైపులూ వేయాలి. అదే ఇంట్లో బోరుకి పెద్ద మోటారు పెట్టి సన్న పైపు బిగిస్తే ఏమవుతుంది? ఇక్కడా అంతే. పైగా ఆయిల్ సలసల కాగుతుంది.

ఖర్చు తగ్గుతుందని ట్రాక్టరు పంపుకే వాల్వు కలిపితే ఓ మెలిక ఉంది. వాల్వు దాటిన ఆయిల్ వెనక లిఫ్టుకి వెళ్లాలి. ఆ ప్రెషరు తట్టుకునే ప్రత్యేక దారిని 'పవర్ బియాండ్' అంటారు. అది లేని చవక వాల్వు పెట్టి, ట్యాంకుకి పోయే దారినే లిఫ్టుకి కలిపేస్తే, వాల్వు బాడీ పగిలిపోవచ్చు. కొనేముందు ఈ ఒక్క మాట అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చే మార్పులకు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డు చెబుతుంది. లోడరు బిగించేముందే రవాణా కార్యాలయంలోనూ బీమా కంపెనీలోనూ అడిగితే తర్వాత తలనొప్పి ఉండదు.

ఇక ఇంట్లోవాళ్లంతా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. లేపిన బకెట్ కింద ఎవరూ నిలబడకూడదు, పిల్లలు అసలే ఆడకూడదు. ఇంజన్ ఆపినా సరే. పైకి లేచి ఉన్న చేతుల్ని మోస్తున్నది ఓ రబ్బరు పైపులోని ఆయిల్ మాత్రమే. పని లేనప్పుడు బకెట్ నేల మీద ఆనించి పెట్టాలి. రిపేరుకి లేపి ఉంచాల్సి వస్తే జాక్ రాడ్డుకి ఉక్కు ఆపు పెట్టాలి.

పైపుకి సూదిమొనంత చిల్లు పడితే అది ఇంకా మాయదారిది. సన్నగా చిమ్మే ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. లీకు ఎక్కడుందో వేలితో తడమకూడదు, అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఒకవేళ చేతిలోకి పోతే, పైకి చీమ కుట్టినంత గుర్తే కనిపిస్తుంది. నొప్పి కూడా మొదట అంతగా ఉండదు. అందుకే పసుపు రాసుకుని ఇంటికి వెళ్లిపోతారు. లోపల మాత్రం ఆయిల్ కండరాల మధ్య పాకుతూ ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ వేలు దక్కే అవకాశం తగ్గుతుంది. వెంటనే ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆస్పత్రికి వెళ్లాలి. అక్కడ 'ఇనుము గీరుకుంది' అని కాకుండా, 'ప్రెషరులో ఉన్న ఆయిల్ లోపలికి పోయింది' అని డాక్టరుకి స్పష్టంగా చెప్పాలి. వీలైతే ఆ ఆయిల్ డబ్బాని కూడా వెంట తీసుకెళ్లాలి.