గుర్తులేని నొప్పి
"మత్తిస్తాం, మీకేమీ తెలియదు." భుజం జారి ఎమర్జెన్సీకి వచ్చిన మనిషికి చెప్పే ఈ మాట సగమే నిజం, మిగతా సగం కూడా చెప్పి తీరాలంటాను. అక్కడ ఇచ్చేది సాధారణంగా ఆపరేషన్ థియేటర్‌లో ఇచ్చే పూర్తి మత్తు కాదు. మిడజోలం అనే మందు ఎక్కించాక రోగి పిలిస్తే పలకొచ్చు, ఎముకను లాగినప్పుడు కేక కూడా పెట్టొచ్చు. తర్వాత అడిగితే చాలాసార్లు ఏమీ తెలియలేదంటాడు. ఆ మందు కొత్త జ్ఞాపకాలు ఏర్పడకుండా ఆపుతుంది గానీ నొప్పిని తగ్గించదు. అందుకే ఫెంటనిల్ లాంటి నొప్పి మందు తోడు కావాలి. కెటమిన్ అనే మరో మందు దారి వేరు: నొప్పినీ అణిచేస్తుంది, మనిషిని పరిసరాల నుంచి విడదీస్తుంది, కళ్లు మాత్రం తెరిచే ఉండొచ్చు, తేరుకునేటప్పుడు కొందరికి భయపెట్టే కలలొస్తాయి. తెర అవతల నిలబడి ఆ కేక విన్న భార్యకైతే అంతా గుర్తుండిపోతుంది; ఆమెకూ ముందే చెప్పాలి. బ్రిటన్, ఐర్లండ్ మత్తు వైద్యులు 2014లో వెలువరించిన నాప్-5 నివేదికలో, సెడేషన్ (పూర్తి మత్తు కాని ఇలాంటి మత్తు) మాత్రమే తీసుకున్నవాళ్లు కూడా మధ్యలో మెలకువ వచ్చిందని బాధపడిన కేసులున్నాయి. వాళ్లకు ముందుగా సరిగా వివరించకపోవడమే అక్కడ కనిపించిన పెద్ద లోపం. ఎలాగూ మరిచిపోతాడు కదా అని నొప్పి మందు దగ్గర పొదుపు చేయడం అన్యాయం. ఆ నిమిషంలో పడ్డ బాధ పడ్డదే. "మాటలు వినిపించొచ్చు, నొప్పి తెలిస్తే చెప్పండి, మందు సర్దుతాం, తర్వాత చాలావరకు గుర్తుండకపోవచ్చు" అనడానికి అర నిమిషం చాలు. ప్రాణం మీదికొచ్చి ఆ అర నిమిషం కూడా దొరక్కపోతే, తేరుకున్నాక పక్కన కూర్చుని ఏం గుర్తుందో అడగాలి, జరిగింది చెప్పాలి.