దోసె కాలేదాకా సర్వర్ నిల్చోడు!

కడపలో పొద్దున్నే కిటకిటలాడే ఏ టిఫిన్ హోటల్లోనైనా సర్వర్‌ను గమనించండి. ఒక బల్ల దగ్గర కారం దోసె ఆర్డరు తీసుకుంటాడు. వంటగదిలోకి కేకేస్తాడు. దోసె కాలేదాకా పెనం పక్కన చేతులు కట్టుకుని నిల్చోడు. ఈలోగా రెండో బల్లకు మంచినీళ్లు, మూడో బల్లకు ఉగ్గాని-బజ్జి, నాలుగో బల్లకు బిల్లు! 'దోసె రెడీ' అన్న పిలుపు వినగానే వెళ్లి అందుకుంటాడు.

కంప్యూటర్ సర్వర్ కూడా ఇలాగే పనిచేస్తే దాన్ని 'ఎసింక్రనస్' పద్ధతి అంటారు. ఇంటర్ ఫలితాల రోజున వేలమంది ఒకేసారి హాల్‌టికెట్ నంబర్లు కొడతారు. ఒక్కో నంబరుకు సర్వర్ సొంతంగా చేసే పని కొంచెమే. డేటాబేస్ నుంచి మార్కులు వచ్చేదాకా ఎదురుచూపే ఎక్కువ.

పీహెచ్‌పీ లాంటి భాషల్లో మామూలు పద్ధతి ఏమిటంటే, వచ్చిన ప్రతి అభ్యర్థనకూ ఒక పనివాణ్ని కేటాయించడం. వందమంది పనివాళ్లూ జవాబు కోసం నిలబడిపోతే నూటొకటో మనిషి వరుసలో ఆగాల్సిందే. పనివాళ్లను పెంచితే మెమరీ చాలదు. ఒకే యంత్రం పదివేలమందిని ఒకేసారి ఎందుకు చూసుకోలేదని డాన్ కెగెల్ 1999లోనే ప్రశ్నించాడు. 2009లో రయాన్ డాల్ తయారుచేసిన నోడ్ జేఎస్ ఆ దారిలో పెద్ద అడుగు. ఇందులో మన ప్రోగ్రామును నడిపేది ఒకే పనివాడు. కానీ వాడు ఎక్కడా ఆగడు. 2021లో వచ్చిన పీహెచ్‌పీ 8.1లోనూ ఇలాంటి పనులకు ఉపయోగపడే 'ఫైబర్స్' చేరాయి.

అయితే భాషలో సౌకర్యం ఉంటే సరిపోదు. పనిని పద్ధతిగా పేర్చాలి.

జవాబు వచ్చాక ఏం చేయాలి?

మొదట్లో దీన్ని 'కాల్‌బ్యాక్'గా రాసేవారు. ఒకదాంట్లో ఒకటి దూరి, చివరికి రాసినవాడికే అర్థంకాని చిక్కుముడి అయ్యేది. 2015లో జావాస్క్రిప్ట్‌లో 'ప్రామిస్'లు, 2017లో 'ఎసింక్-అవెయిట్' వచ్చాక అదే పనిని వరుసగా చదువుకునేలా రాయడం కుదిరింది. ప్రామిస్‌లను నోడ్ నుంచి 2010లో తీసేయడం తెలివితక్కువ పనేనని డాల్ 2018లో ఒప్పుకున్నాడు కూడా.

ఏవి కలిపి? ఏవి వరుసగా?

విద్యార్థి ఫొటో తేవడానికి రెండు సెకన్లు, మార్కులు తేవడానికి మూడు సెకన్లు పడతాయనుకుందాం. ఒకదాని తర్వాత ఒకటైతే అయిదు సెకన్లు. రెండూ ఒకేసారి అడిగితే మూడే! కానీ ఫీజు అందకముందే రసీదు ఇవ్వకూడదు కదా. అక్కడ వరుస తప్పనిసరి.

సర్వర్‌తో పిండి రుబ్బించకూడదు

పెద్ద లెక్కలు, ఫొటోల కుదింపు లాంటివి ఆ ఒక్క పనివాడికే అప్పగిస్తే హోటలంతా ఆగిపోతుంది. వాటిని వెనకాల వేరే పనివాళ్లకు ఇవ్వాలి. వచ్చినవారికి మాత్రం వెంటనే నంబరు ఇచ్చి పంపాలి. 2011లో మొదలైన మీ సేవ కేంద్రాలు జనానికి అలవాటు చేసింది ఇదే. దరఖాస్తు ఇవ్వగానే రసీదు చేతికొస్తుంది. అధికారి సంతకం అయ్యేదాకా కౌంటరు ముందు నిలబడక్కర్లేదు.

జవాబే రాకపోతే?

అసలు పరీక్ష ఇక్కడే. నంద్యాలలో ఓ తల్లి చివరిరోజున కొడుకు పరీక్ష ఫీజు కడుతోందనుకోండి. ఖాతాలో డబ్బు కట్ అయింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. బ్యాంకు జవాబు కోసం సర్వర్ ఎంతసేపు చూడాలి? గడువు పెట్టాలి. గడువు దాటితే 'ఫెయిల్' అని చెప్పేయకుండా, డబ్బు చేరిందో లేదో బ్యాంకును మళ్లీ అడగాలి. ఆమె కంగారుపడి మరోసారి బటన్ నొక్కితే? ప్రతి చెల్లింపుకూ ముందే ఒక ప్రత్యేక నంబరు ఇచ్చి ఉంటే, అదే నంబరు రెండోసారి రాగానే 'ఇది పాతదే' అని సర్వర్ గుర్తుపడుతుంది. ఆ ఒక్క జాగ్రత్త మరిచిపోతే ఓ పేదింట్లో రెండు ఫీజుల డబ్బు ఇరుక్కుపోతుంది.

కర్నూలు ట్రిపుల్‌ఐటీడీఎంలో, ఇడుపులపాయ ట్రిపుల్‌ఐటీలో ప్రోగ్రాములు నేర్చుకునే పిల్లలు వేగంతోపాటు పట్టుకోవాల్సిన పాఠం ఇది.

ఇక ఇంట్లోవాళ్లు చేయాల్సింది... చక్రం తిరుగుతుంటే మళ్లీ నొక్కొద్దు. ముందు బ్యాంకు మెసేజ్ చూడండి. లావాదేవీ నంబరు రాసిపెట్టుకోండి. యూపీఐలో డబ్బు కట్ అయి, వ్యాపారికి ఆ సంగతి చేరకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత అయిదు రోజుల్లోగా సొమ్ము దానంతటదే వెనక్కి రావాలి. ఆపైన ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలి. ఇది 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన. అడగడం మీ హక్కు!